చేపల ఐస్ పెట్టెను జీపు ఎక్కించడం: ప్రాజెక్టు డైరీ

క్యాంపింగ్‌వాళ్లు తిండి చల్లగా ఉంచే పెట్టెను కూలర్ అంటారు. కానీ కూలర్ అనగానే మనవైపు ఇంకా కిటికీకి తగిలించే గాలి కూలరే గుర్తొస్తుంది. అందుకే ఈ డైరీలో ఐస్ పెట్టె అనే రాస్తున్నాం. పని ఇదీ: నలుగురికి రెండు రాత్రుల తిండి చల్లగా ఉండాలి. రాజమండ్రిలో ఐస్ నింపితే, మారేడుమిల్లి చుట్టుపక్కల మట్టి దారుల్లో తిరిగాక కూడా మూడో రోజు పొద్దున పెట్టెలో గడ్డ మిగలాలి. రాళ్ల మీద ఎగిరి పడ్డా మూత ఊడకూడదు. బండి 30 డిగ్రీలు ఒరిగినా నీళ్లు కారకూడదు. ఖాళీ పెట్టెను ఇద్దరు సులువుగా ఎత్తగలగాలి.

1వ రోజు: కాగితం మీద లెక్క

ఒక కిలో ఐస్ కరగాలంటే 334 కిలోజూళ్ల వేడి కావాలి. ఈ ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతుంది. పెట్టె గోడలో ఉండే పఫ్, అంటే పాలీయూరెథేన్ ఫోమ్, ఉష్ణవాహకత (మీటరు మందానికి, ఒక్కో డిగ్రీ తేడాకు దాటే వాట్లు) సుమారు 0.025. గోడ మందం 5 సెంటీమీటర్లు, పెట్టె ఉపరితల వైశాల్యం 1.2 చదరపు మీటర్లు, బయట 33 డిగ్రీలు, లోపల సున్నా అనుకుందాం. 0.025 ÷ 0.05 × 1.2 × 33 చేస్తే దాదాపు 20 వాట్లు. ఒక జీరో బల్బు, దానిమీద మరికాస్త. ఆ కాస్త వేడే రోజంతా లోపలికి కారితే 17 లక్షల జూళ్లు. అంటే రోజుకు 5 కిలోల ఐస్.

ఫోమ్ మందం సగమైతే ఐస్ ఖర్చు రెట్టింపు. ఎండలో నిలిపిన బండి లోపల 55 డిగ్రీలకు పైకి పోతుంది, అప్పుడు ఇంకో అరవై శాతానికి పైగా అదనం. పెట్టె మీది కంపెనీ పేరు కంటే గోడ మందం, పెట్టె ఉంచిన చోటు ఈ రెండే ఐస్ ఎంతసేపు నిలుస్తుందో తేలుస్తాయి. ‘ఐదు రోజులు ఐస్ నిలుస్తుంది’ అని పెట్టె మీద అచ్చువేసిన మాట ఎంత ఉష్ణోగ్రతలో, ఎంత ఐస్ నింపి, మూత ఎన్నిసార్లు తీసి చూశారో చెప్పకపోతే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

2వ రోజు: బరిలో ఏవేవి

ముందే పక్కన పెట్టినవి రెండు. మొదటిది బండి సాకెట్‌కు తగిలించే పెల్టియర్ రకం, అంటే కంప్రెసర్ లేకుండా కరెంటు పారితే ఒకవైపు చల్లబడే పలక ఉన్నది. బయటి వేడి కంటే మహా అయితే 20 డిగ్రీలు తగ్గిస్తుంది. మే నెల 42లో లోపల 22 అంటే పెరుగు పులుస్తుంది, చికెన్ పాడవుతుంది. పైగా ఆగకుండా నాలుగైదు ఆంపియర్లు లాగుతూనే ఉంటుంది.

రెండోది కంప్రెసర్ ఉన్న 12 వోల్టుల ఫ్రిజ్. వస్తువు మంచిదే. నడిచేటప్పుడు 45 వాట్లు తీసుకుంటూ సగం సమయం ఆగి ఉంటుందనుకున్నా రోజుకు 540 వాట్ అవర్లు, అంటే 45 ఆంపియర్ అవర్లు. బండి స్టార్టింగ్ బ్యాటరీని అంత ఖాళీ చేస్తే పొద్దున ఇంజిన్ తిరగదు. దానికి విడిగా 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, బండి నడుస్తుండగా ఛార్జింగ్ ఎక్కించే యూనిట్ కావాలి. వారం రోజుల లద్దాఖ్ యాత్రకైతే అదే సరైన దారి. రెండు రాత్రులకు అంత వైరింగ్ దండగ.

మిగిలినవి నాలుగు. 45 లీటర్ల పిక్నిక్ పెట్టె, చేపలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టె, అమెరికా తరహా ఖరీదైన రోటోమౌల్డ్ పెట్టె, విశాఖ, కాకినాడ రేవుల్లో పడవలకు అమ్మే 60 లీటర్ల పఫ్ పెట్టె.

చివరి రెంటి గురించి ఒక మాట. రోటోమౌల్డింగ్ అంటే మిద్దె మీద నీళ్ల ట్యాంకు చేసే పద్ధతే. పాలీఎథిలీన్ పొడిని అచ్చులో పోసి, ఓవెన్‌లో రెండు దిక్కులకూ తిప్పుతూ కరిగిస్తారు. అతుకు లేకుండా నాలుగైదు మిల్లీమీటర్ల మందంతో ఒకే ముక్కగా వస్తుంది, ఆ తర్వాత మధ్య ఖాళీలో ఫోమ్ నింపుతారు. టెక్సస్‌లో సీడర్స్ సోదరులు 2006లో యెటి అనే కంపెనీ పెట్టి ఈ రకం పెట్టెను క్యాంపింగ్ వాళ్ల దగ్గరికి తెచ్చారు. మన రేవుల్లో పడవలవాళ్లు వాడేదీ అదే పద్ధతిలో చేసిన పెట్టె. రంగు తెలుపో నీలమో. కప్పులు పెట్టుకునే గుంటలు, సీసా మూత తీసే కొక్కేలు ఉండవు. వాటి ధర కూడా ఉండదు.

3, 4 రోజులు: కరుగుడు పరీక్ష

ఖరీదైన పెట్టెను దీనికోసం కొనలేదు. దాని గోడ మందం, పఫ్ చేపల పెట్టెవాటికి దగ్గరగానే ఉన్నాయి కాబట్టి మిగతా మూడింటికే పరీక్ష. నీడలో, సగటు 33 డిగ్రీల షెడ్డులో, ఒక్కోదానిలో 10 కిలోల గడ్డ పెట్టి, 24 గంటలు మూత తీయకుండా ఉంచి, కారిన నీటిని తూచాం.

పిక్నిక్ పెట్టె 6.8 కిలోలు కరిగించింది. థర్మోకోల్ పెట్టె 6.1. చేపల పెట్టె 4.4. లెక్కలో 5 వచ్చినది తూకంలో 4.4 రావడానికి కారణం, ఐస్ అడుగునే ఉంటుంది, పైన మూత దగ్గర గాలి సున్నా కంటే వెచ్చగా ఉంటుంది. అందుకని మూతలోంచి వచ్చే వేడి లెక్కకంటే తక్కువ. తిండి పైన సర్దేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి: అడుగున 1 డిగ్రీ ఉన్నప్పుడు మూత కింద 8 ఉండొచ్చు. పాలు, చికెన్ అడుగుకే పోవాలి.

థర్మోకోల్ రెండో స్థానంలో రావడం చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు, చవక ఫోమే అయినా మూతలో కూడా ఉంది. పిక్నిక్ పెట్టె మూత మీద వేలితో కొడితే డబ్బా మోత. లోపల ఉత్త గాలి. చేపల పెట్టె మూత మీద కొడితే గుమ్మడికాయ మీద కొట్టినట్టు మొద్దు శబ్దం. అంగట్లో పెట్టె ఎంచుకునేటప్పుడు చేయాల్సిన మొదటి పరీక్ష ఈ వేలి దెబ్బే, పైసా ఖర్చు లేదు.

5వ రోజు: ఒంపుడు, పడవేత

ఒక్కోదానిలో 10 లీటర్ల నీళ్లు పోసి, మూత బిగించి, ఒక పక్క చెక్క పెట్టి 30 డిగ్రీలు వంచి పది నిమిషాలు. థర్మోకోల్ మొదటి నిమిషంలోనే కార్చేసింది. పిక్నిక్ పెట్టె మూత అంచున ధారగా. చేపల పెట్టె చుక్కచుక్కగా, ఒక్క మూల నుంచే.

తర్వాత 20 కిలోల ఇసుక బస్తా లోపల పెట్టి, జీపు డాలా (వెనక కిందికి దించే తలుపు) ఎత్తు నుంచి మూల తగిలేలా గట్టి నేల మీద పడేశాం. పిక్నిక్ పెట్టె కీలు విరిగింది, చేయిపట్టు ఊడింది. చేపల పెట్టె మూల సొట్టపోయి, ఎండలో గంట ఉంచేసరికి చాలావరకు తన ఆకారానికి తనే వచ్చింది. పాలీఎథిలీన్ వంగుతుంది, మూల గట్టిగా తగిలినా అంత తేలిగ్గా పగలదు. పల్చటి ఇంజెక్షన్ ప్లాస్టిక్ ఆ దెబ్బకు చీలుతుంది. థర్మోకోల్‌ను పడేయలేదు. దాని సంగతి ముందే తెలుసు.

చేపల పెట్టె ఖాయం. మూత, డ్రెయిన్ (అడుగున నీళ్లు వదిలే రంధ్రం), బిగింపు మాత్రం మనమే బాగుచేసుకోవాలి.

6వ రోజు: పాతదా, కొత్తదా

రేవులో వాడిన పెట్టెలు సగం ధరకు దొరుకుతాయి. తూకం వేయకుండా కొనొద్దు. అదే మోడల్ కొత్తది 13 కిలోలు ఉంటే, చూసిన రెండు పాత పెట్టెలూ 15 దాటాయి. ఆ అదనపు బరువంతా ఫోమ్ తాగిన నీరే. డ్రెయిన్ చుట్టూ పగులు ద్వారానో, ఎవరో మేకు కొట్టిన బెజ్జం ద్వారానో నీరు చేరుతుంది. బయట ఎంత ఆరబెట్టినా లోపలి తడి పోదు, తడిసిన ఫోమ్ వేడిని ఆపదు. ఇంకో సంగతి, పాలీఎథిలీన్ వాసన పీల్చుకుంటుంది. సబ్బుతో తోమి, 5 లీటర్ల నీళ్లలో 100 గ్రాముల వంటసోడా కలిపి రాత్రంతా ఉంచి, రెండు రోజులు ఎండబెట్టినా చేపల వాసన పూర్తిగా పోదు. కొత్తదే తీసుకున్నాం.

7, 8 రోజులు: మూత

పది రూపాయల నోటు పరీక్ష. మూత, పెట్టె అంచు మధ్య నోటు పెట్టి, మూత వేసి, నోటు లాగాలి. గట్టిగా పట్టుకుంటే ఆ చోట గాలి పోదు. జారి వచ్చేస్తే పోతుంది. చుట్టూ 12 చోట్ల చూస్తే మూలల దగ్గర నోటు చిరిగేలా ఉంది, రెండు పొడవాటి పక్కల నడుమ మాత్రం ఇట్టే జారిపోయింది. రాత్రి లోపల ఫోన్ టార్చి వెలిగించి మూత వేస్తే ఆ రెండు చోట్లే సన్నటి గీత లాంటి వెలుగు. పొడవాటి మూత నడుమ కాస్త ఉబ్బుతుంది, ఇది దాదాపు అన్ని పెట్టెల్లోనూ ఉండేదే.

మందు రెండు ముక్కల్లో. ఒకటి గాస్కెట్, అంటే మూత అంచున సందు మూసే రబ్బరు పట్టీ. అంచు చుట్టుకొలత 210 సెంటీమీటర్లు, రెండున్నర మీటర్ల ఈపీడీఎం (ఒక రకం కృత్రిమ రబ్బరు) స్పాంజి పట్టీ, 10 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మందం, జిగురు వెనకే ఉన్నది. పాలీఎథిలీన్‌కు మామూలు జిగురేదీ సరిగా అంటుకోదు, ఇక్కడే చాలామంది పని చెడిపోతుంది. అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బ్లోలాంప్ నీలి మంటను ఆ గాడి మీద ఒక్కసారి వేగంగా లాగాలి, ఒకచోట ఆపకుండా. ప్లాస్టిక్ మెరుపు మారాలి గానీ కరగకూడదు. ఆ వేడికి పై పొర ఆక్సీకరణం చెంది జిగురు పడుతుంది. ముందు పాత ట్యాంకు ముక్క మీద చేయి తిప్పి చూసుకోవడం మంచిది. పట్టీ రెండు చివరలూ 45 డిగ్రీల్లో కోసి, అతుకు మూలలో కాకుండా వెనక పక్క మధ్యలో వచ్చేలా పెట్టాలి. మూత బిగిస్తే 6 మిల్లీమీటర్లు 4కు నొక్కుకోవాలి. అంతకంటే ఎక్కువ నొక్కితే కొన్నాళ్లకు పట్టీ అలాగే చదునైపోతుంది. దీనికి వాజిలైన్ రాయొద్దు, పెట్రోలియం నూనెలకు ఈపీడీఎం ఉబ్బిపోతుంది. సిలికాన్ గ్రీజు చాలు.

రెండు, బిగింపులు. ఈ పెట్టెకు అసలు కీళ్లు లేవు, మూత ఎత్తి పక్కన పెట్టేదే. కీలు పెడదామా అని చర్చ జరిగింది, వద్దనుకున్నాం. మట్టి దారిలో మొదట విరిగేది కీలు. పైగా జీపు వెనక కప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది, కీలున్న మూత సగమే తెరుచుకుంటుంది. కీలు లేని మూతను పక్కకు జరిపి పాలప్యాకెట్ తీసుకోవచ్చు. కీళ్లకు బదులు పొడవాటి పక్కలకు రెండేసి చొప్పున నాలుగు ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) టాగుల్ క్లిప్పులు, అంటే మీట నొక్కితే లాగి బిగించేవి. వాటిని మూలలకు కాక, నోటు జారిన నడుమ భాగానికి దగ్గరగా పెట్టాం.

క్లిప్పులు బిగించడమూ చిక్కే. 5 మిల్లీమీటర్ల మెత్తటి గోడలో స్క్రూ రెండు ప్రయాణాల్లో వదులవుతుంది. వెనక ఫోమ్ ఉంది కాబట్టి నట్టు పెట్టడానికి వీల్లేదు. 4.8 మిల్లీమీటర్ల రివెట్లలో బిగించాక మూడు రెక్కలుగా విచ్చుకునే రకం దొరుకుతుంది, అదే సరి. ప్రతి బెజ్జం దగ్గరా క్లిప్పు కింద బ్యుటైల్ టేపు (జిగట రబ్బరు టేపు) ముక్క పెట్టాలి. అందరూ వాడే సిలికాన్ సీలెంట్ పాలీఎథిలీన్‌ను పట్టుకోదు, నెలకే పొరలా లేచి నీళ్లు ఫోమ్‌లోకి దారి చూసుకుంటాయి.

నోటు పరీక్ష మళ్లీ: 12 చోట్లా పట్టు. ఒంపుడు పరీక్ష మళ్లీ: పొడి.

పక్క పని: ఉత్త గాలి మూతకు ఫోమ్

పిక్నిక్ పెట్టె ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ల కోసం. మూత లోపలి కొలతలు 55 × 32 × 3 సెంటీమీటర్లు, అంటే 5.3 లీటర్లు. లీటరుకు 40 గ్రాముల చొప్పున 211 గ్రాములు, మూలలకు చేరడానికి 15 శాతం కలిపితే సుమారు 245 గ్రాముల ఫోమ్ ద్రావణం. రెండు సీసాల్లో వచ్చే ఏ, బీ ద్రావణాలే వాడాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే స్ప్రే డబ్బా ఫోమ్ గాలిలో తేమతో గట్టిపడుతుంది. మూసిన మూతలో తేమ అందక లోపల జిగటగా ఉండిపోయి, వారం తర్వాత మెల్లగా పొంగి మూతను పూరీలా ఉబ్బిస్తుంది.

మూత అడుగువైపు మధ్యలో 8 మిల్లీమీటర్ల బెజ్జం, నాలుగు మూలల్లో 4 మిల్లీమీటర్ల బెజ్జాలు గాలి పోవడానికి. మూతను రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య పెట్టి క్లాంపులతో బిగించాకే పోయాలి. ఏ, బీ కలిపిన అర నిమిషంలో పొంగు మొదలవుతుంది, అందుకని సగం సగం చేసి రెండు విడతలుగా పోయడం నయం. మూలల బెజ్జాల్లోంచి పసుపు నురగ తొంగిచూస్తే నిండినట్టు. ఐసోసైనేట్ ఆవిరి ఊపిరితిత్తులకు చెడ్డది, చేతికి తొడుగులు, ముఖానికి ఆవిర్లు ఆపే మాస్కు, పని ఆరుబయటే. ఈ పని తర్వాత అదే పెట్టె 24 గంటలకు 6.8కి బదులు 5.6 కిలోలు కరిగించింది. విరిగిన కీలుకు మాత్రం ఇది మందు కాదు.

9వ రోజు: డ్రెయిన్

పెట్టెతో వచ్చిన బిరడా గోడ బయటికి రెండు సెంటీమీటర్లు పొడుచుకొచ్చి ఉంది. సామాను దించేటప్పుడు మొదట తగిలేది అదే. తీసేసి ప్లంబింగ్ షాపులో దొరికే అర అంగుళం పొడవాటి ట్యాంక్ నిపుల్ (రెండు చివరలా మరలున్న చిన్న గొట్టం) వేశాం, రెండు వైపులా రబ్బరు వాషర్లు, బయట మూత. నట్టు బిగించేకొద్దీ లోపలి ఫోమ్ నలిగి గోడ లోపలికి వంగుతుంది, అక్కడినుంచి నీరు ఫోమ్‌లోకి పోతుంది. అది జరగకుండా రెండు గోడల మధ్య దూరానికి సరిగ్గా కోసిన పీవీసీ పైపు ముక్కను నిపుల్ చుట్టూ తొడిగాం. బిగింపు బరువంతా పైపు మోస్తుంది. మూతకు నైలాన్ తాడు కట్టి పెట్టెకే ముడివేయాలి. చీకట్లో గడ్డిలో పడిన తెల్లటి మూత దొరకదు.

10వ రోజు: బండిలో కూర్చోబెట్టడం

నిండిన పెట్టె 47 కిలోలు: పెట్టె 13, ఐస్ 16, తిండి 12, తాగేవి 6. దీన్ని డాలా అంచున పెడితే వెనక ఇరుసు దాటి ఉంటుంది కాబట్టి ప్రతి గుంతలోనూ ఎక్కువ ఎగురుతుంది. ముందు సీట్ల వెనక, అడ్డంగా, సీటుకు ఆనించి పెట్టాం. కింద 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై, దాని మీద 5 మిల్లీమీటర్ల రబ్బరు చాప. ప్లైకి నాలుగు పక్కలా రెండంగుళాల ఎత్తు చెక్క బద్దలు, పెట్టె జరగకుండా. ప్లైని బండి నేల మీది బోల్టు రంధ్రాలకు ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టులు, పెద్ద వాషర్లు, కుదుపుకు వదులవని నైలాక్ నట్లతో కట్టాం. బండికి కట్టడం కోసం మాత్రం పెట్టెకు ఎక్కడా కొత్త బెజ్జం వేయలేదు.

పైన 25 మిల్లీమీటర్ల ర్యాచెట్ బెల్టులు రెండు. మొదటిసారి మూత నడుమగా బిగిస్తే నోటు మూలల్లో జారిపోయింది. మూత నడుమ కిందికి వంగి, మూలలు లేచాయి. బెల్టులను రెండు చివరలకు, చేయిపట్టు గాడుల మీదుగా మార్చితే సరిపోయింది. మొదటి ఇరవై కిలోమీటర్ల తర్వాత ఆగి మళ్లీ బిగించాలి, రబ్బరు చాప సర్దుకుని బెల్టు వదులవుతుంది.

సర్దుడు

బయలుదేరే ముందు రాత్రి రెండు కిలోల చూర ఐస్ వేసి పెట్టెను చల్లబరచాలి. ఎండలో 38 డిగ్రీలకు కాగిన లోపలి ప్లాస్టిక్‌ను సున్నాకు తేవడానికే దాదాపు కిలో ఐస్ పోతుంది, ఆ కిలో ఇంట్లోనే పోనివ్వండి. అంతకంటే పెద్ద దొంగ వెచ్చటి నీళ్ల సీసాలు. 10 లీటర్ల నీళ్లను 35 నుంచి 5 డిగ్రీలకు తేవాలంటే దాదాపు నాలుగు కిలోల ఐస్ కావాలి. కాబట్టి అన్నీ ఫ్రిజ్‌లో చల్లబడ్డాకే లోపలికి.

ఐస్ మూడొంతుల్లో రెండొంతులు గడ్డ, ఒక వంతు చూర. గడ్డ నిలుస్తుంది, చూర సందుల్లో దూరి తొందరగా చల్లబరుస్తుంది. ఫ్యాక్టరీ గడ్డను గ్లాసులో వేసుకోవద్దు, ఆ నీరు ఎక్కడిదో ఎవరూ అడగరు. తాగడానికి లీటరు సీసాల్లో 900 మిల్లీలీటర్లే పోసి గడ్డకట్టించాలి. నీరు గడ్డకడితే 9 శాతం పెరుగుతుంది, నిండుగా పోసిన సీసా పగులుతుంది.

బొంగు చికెన్ కోసం మసాలా పట్టించిన ముక్కలు అడుగున స్టీలు డబ్బాలో. దోసె పిండి సగం డబ్బాకే, మూత కాస్త వదులుగా. దారి కుదుపుకు, మిగిలిన పులుపుకు పొంగి మూత తన్నేస్తుంది. ఆవకాయకు ఐస్ అక్కర్లేదు. కరిగిన నీళ్లను వెంటనే వంపొద్దు, గడ్డ తేలుతున్నంతసేపు ఆ నీరూ సున్నా దగ్గరే ఉంటుంది. వంపితే ఆ చోటుకు వెచ్చటి గాలి వస్తుంది. తడవకూడనివి డబ్బాల్లో ఉంటే చాలు.

మొదటి ప్రయాణం

రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి, శీతాకాలం, పగలూ రాత్రీ కలిపి సగటు 25 డిగ్రీలు. ఐస్ 16 కిలోలు. 44 గంటల తర్వాత తూచితే 5.5 కిలోల గడ్డ మిగిలింది. పోయిన పదిన్నర కిలోల లెక్క: గోడల్లోంచి 6.4, తిండి చల్లబడటానికి 1, మొదటి మధ్యాహ్నం ఎవరో అంగట్లో కొని నేరుగా వేసిన ఆరు లీటర్ల వెచ్చటి సోడాలకు 1.8, మిగిలింది మూత తీసి వేయడానికి. సోడాలు లేకపోతే ఇంకో అరరోజు నిలిచేది. మధ్యాహ్నాలు పెట్టెను చెట్టు కింద దించి తడి గోనెసంచి కప్పాం. చేపలమ్మేవాళ్ల పద్ధతే, గాలి తగిలేచోట బాగా పనిచేస్తుంది, మూసిన బండిలో ఉత్త తేమే.

ఘాట్‌లో కోతులు క్లిప్పుల జోలికి రాలేదు గానీ, తాడుకు వేలాడుతున్న డ్రెయిన్ మూతను ఒకటి కొరికి చూసింది. పళ్ల గాట్లు పడ్డాయి, కారలేదు.

మిగిలిన పనులు

వెనకవైపు ఎడమ క్లిప్పు రివెట్ ఒకటి కొంచెం ఆడుతోంది, బ్యుటైల్ టేపు ఒకవైపు పిండుకుని బయటికి వచ్చింది. తీసి పెద్ద వాషరుతో మళ్లీ వేయాలి. గాస్కెట్ అతుకు దగ్గర దుమ్ము చేరింది, ప్రతి ప్రయాణం తర్వాత తడిగుడ్డతో తుడవాలి. లోపల పాలప్యాకెట్లు గడ్డ కింద నలగకుండా తీసి పెట్టుకునే ప్లాస్టిక్ జాలీ అర ఒకటి కావాలి, కొలత 52 × 30. పెట్టెను మూత తీసి, డ్రెయిన్ తెరిచి, తలకిందులుగా ఆరబెట్టాం. ఆరాక తూకం 13 కిలోలే, ఫోమ్‌లోకి నీరు పోలేదు.